పెద్దజాతి పిల్లులు - పుట్టుకతో వచ్చు వ్యాధులు



పామిడి పెన్న ఒడ్డున ఉన్న ఊరు. ఒడ్డు అన్న మాటయే గాని, సంవత్సరములో పెక్కు నెలలు అక్కడ కనబడునది ఇసుకయే. ఈ అనంతపురము సీమలో ఏటికి కురియు వాన సగటున 550 మిల్లీమీటర్ల ప్రాంతమున ఉండును. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుట ఇక్కడ వింత కాదు. గొఱ్ఱె, మేక, ఎద్దు, ఎనుము - ఇవి ఈ నేలకు అలవడిన జీవములు. వీని రోగములను గూర్చి ప్రసంగములు తఱచు వచ్చుచుండును; రావలెను కూడ, మన బ్రదుకు తెరువు వీని మీదనే కదా! నేటి మా ప్రసంగము మాత్రము ఈ నేలకు క్రొత్తగా వచ్చిన ఒక జంతువును గూర్చినది.

బెంగుళూరు, హైదరాబాదులను కలుపు రాజమార్గము మీదనే పామిడి ఉన్నది. దుస్తుల వర్తకమునకై, కొలువులకై ఆ నగరములకు పోవచ్చువారు ఇక్కడ ఎందరో కలరు. నగరములలో ఇప్పుడు మెయిన్ కూన్ అను పెద్దజాతి పిల్లిని పెంచు ముచ్చట బయలుదేరినది. అక్కడ ఉద్యోగము చేయు కొడుకో కోడలో దానిని బుట్టలో పెట్టుకొని పండుగకు ఊరికి తెచ్చుట, తిరిగి పోవునపుడు “అమ్మా, ఒక రెండు నెలలు మీ వద్దనే ఉండనీ” అని విడిచి పోవుట, వినుచున్నవారిలో కొందరికి అనుభవమే అయియుండును. పిల్లిని పెంచుట మనకు తెలియని విద్య కాదు. వసారాలో ఒక మూల ఇంత అన్నము వేసినచో అది బ్రదుకును, ఎలుకలను పట్టును, తన దారిన తాను తిరుగును. అయితే ఆ విద్య ఈ క్రొత్త అతిథికి చాలదు. దీనికి వచ్చు వ్యాధులలో ముఖ్యమైనవి గాలి వలన, నీటి వలన వచ్చునవి కావు. తల్లిదండ్రుల నుండి సంక్రమించునవి. అవి పైకి కనబడవు. కనబడునప్పటికి తఱచు ఆలస్యమైపోవును.

ముందుగా జంతువు ఎట్టిదో చెప్పుదుము. మెయిన్ అనునది అమెరికా దేశమున ఈశాన్యపు కొనలో, సముద్రము ప్రక్కన, మంచు కప్పు రాష్ట్రము. 'కూన్' అన్న శబ్దము వినగానే మన చెవికి పిల్లికూన స్ఫురించును గాని, ఆ కూనకును దీనికిని సంబంధము లేదు. రాకూన్ అని అక్కడ ఒక అడవి జంతువు కలదు. చారల తోక గలది. ఈ పిల్లి తోక కూడ గుబురుగా ఉండుట చూచి, రెండును కలిసి పుట్టినదే ఈ జాతి అని అక్కడి పామరులు కథ కట్టిరి. అట్లు పుట్టుట ప్రకృతిలో అసాధ్యము. అయినను పేరు నిలిచిపోయినది. 1895లో న్యూయార్కు నగరమున మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో జరిగిన పిల్లుల ప్రదర్శనములో ఉత్తమ బహుమానము పొందినది కోసీ అను మెయిన్ కూన్ ఆడపిల్లియే. పిదప పర్షియను పిల్లుల మోజు పెరిగి ఈ జాతి చాలకాలము మఱుగున పడినది. మరల కొందరు పట్టుదలతో వంశావళులు వ్రాసి పెంచగా, 1985లో మెయిన్ రాష్ట్రము దీనిని తమ రాష్ట్రపు పిల్లిగా ప్రకటించినది.

మగది 6 మొదలు 8 కిలోల వఱకు తూగును. ఆడది అంతకు కొంత తక్కువ. 2010లో స్టూయీ అను ఒక మెయిన్ కూన్‌ను ముక్కు కొన నుండి తోక కొన వఱకు కొలువగా 123 సెంటీమీటర్లు వచ్చినది. మన మూరలలో రెండున్నరకు పైమాటయే. మఱి యొక విశేషము: మన ఊరపిల్లి ఏడాదికే నిండు పిల్లి అగును, ఇది పూర్తిగా ఎదుగుటకు మూడు నాలుగు ఏండ్లు పట్టును. ఈ సంగతి మరల అవసరపడును గనుక గుర్తుంచుకొనుడు.

వంశావళి ఉండుట గొప్పయే. కాని దానికి వెల కూడ ఉన్నది. పరిమితమైన కొన్ని పిల్లుల సంతతినే తరతరములుగా తమలో తాము జత కూర్చుచు పోయినపుడు, ఆ మూలపు పిల్లులలో ఏ ఒక్కదానియందు ఒక లోపము దాగియున్నను, అది మనుమలకును మునిమనుమలకును పంచబడును. ఊరపిల్లికి ఈ భయము తక్కువ. దాని వివాహములను ఎవ్వరును కుదుర్చరు.

ఈ పిల్లులకు వచ్చు వ్యాధులలో తలమానికమైనది గుండె జబ్బు. వైద్యులు దీనిని హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి అందురు. తెలుగులో చెప్పవలెనన్న, గుండె గోడలు దళసరి అగు వ్యాధి. గుండె యొక్క ఎడమ క్రింది గది గోడలు లోపలికి దళమెక్కును. గోడ దళమెక్కిన కొలది గది ఇఱుకగును. సాగవలసిన కండ బిఱుసెక్కును. అందువలన నెత్తురు లోనికి నిండుగా రాజాలదు. వెనుకకు ఒత్తిడి కలిగి, ఊపిరితిత్తులలో గాని వాని చుట్టును గాని నీరు చేరును. ఇల్లు బయటి నుండి చూచుటకు అదే ఇల్లు. లోపల మాత్రము గోడలు లావై కూర్చుండుటకు చోటు లేకపోయినట్లు ఉండును ఆ గుండె స్థితి.

ఊరపిల్లులకు కూడ ఈ జబ్బు వచ్చును. కాని మెయిన్ కూన్ జాతిలో ఇది వంశపారంపర్యముగా దిగుచున్నదని 1999లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ పశువైద్య పండితులు కిటెల్‌సన్ ప్రభృతులు నిరూపించిరి. 2005లో కాథరిన్ మ్యూర్స్ అను పశువైద్యురాలును ఆమె సహచరులును అందుకు కారణమైన జన్యులోపమును కనుగొనిరి. గుండె కండలోని ఒక మాంసకృత్తును తయారు చేయించు జన్యువులో ఒకే ఒక అక్షరము మాఱినది; అంతే. పిల్లులలో గుండె జబ్బునకు కారణముగా గుర్తింపబడిన మొదటి జన్యులోపము అదియే. పరీక్షించిన మెయిన్ కూన్‌లలో సుమారు మూడవ వంతు పిల్లులు ఈ లోపమును మోయుచున్నవని తేలినది.

'మోయుట' అన్న మాటను కొంచెము విప్పి చెప్పవలెను. ప్రతి జన్యువును జంటగా ఉండును; ఒకటి తల్లి ఇచ్చినది, ఒకటి తండ్రి ఇచ్చినది. రెండును చెడ్డవైనచో ఆ పిల్లికి చిన్న వయస్సులోనే జబ్బు ముదురు భయము మిక్కిలి హెచ్చు. ఒకటి మాత్రమే చెడ్డదైనచో పెక్కు పిల్లులు ఏండ్ల తరబడి హాయిగా ఉండును. కొన్ని ముసలితనము దాక ఉండును. కాని అది తన పిల్లలలో సగమునకు ఆ చెడ్డ ప్రతిని పంచియిచ్చును. ఈ పరీక్షకు సూది, నెత్తురు అక్కఱలేదు. దవడ లోపల దూది పుల్లతో రాచి పంపినచో చాలును. అయితే ఈ పరీక్షలో దోషము లేదని వచ్చినంత మాత్రాన గుండె జబ్బు రానే రాదని అనుకొనరాదు. ఈ జాతిలో ఇంకను తెలియని కారణములు ఉన్నవి. గుండెను ఎకో యంత్రముతో చూచుట ఒక్కటే నిశ్చయమైన మార్గము. పిల్లలు పెట్టించదలచిన పిల్లికి ఆ పరీక్ష ఏటేట జరుపవలెను.

ఎకో యంత్రము అనగానే శ్రోతలు నిట్టూర్చి ఉందురు. పామిడిలో అది ఎక్కడిది? అనంతపురములోనైనను పిల్లికి ఎకో తీయువారిని వెదకవలసి ఉండును. బెంగుళూరునకో, హైదరాబాదునకో, పశువైద్య కళాశాల గల తిరుపతికో పోవలెను. నిజమే. కాని ఇంటిలో కూర్చుండి, ఒక్క పైసా ఖర్చు లేక, చేయదగిన పరీక్ష ఒకటి కలదు. దానిని గూర్చి చెప్పుటకే మేము ఈ ప్రసంగమునకు ఒప్పుకొంటిమి అన్నను తప్పు లేదు.

పిల్లి గాఢముగా నిద్రించునపుడు దాని డొక్కను చూడుడు. డొక్క లేచి పడినచో ఒక ఊపిరి. గడియారము ముందు పెట్టుకొని ఒక నిమిషము పూర్తిగా లెక్కింపుడు. గురగుర శబ్దము చేయునపుడు లెక్కింపరాదు. కలగని కాళ్లు కదల్చునపుడును కూడదు. ఆరోగ్యముగల పిల్లి నిద్రలో నిమిషమునకు 30 లోపుగానే ఊపిరి తీయును. వారమునకు ఒకసారి లెక్కించి, పద్దుల పుస్తకములోనే ఒక మూల వ్రాసి ఉంచుడు. ఎప్పుడును 20, 22 ఉండునది ఒకనాడు 35, మరునాడు 38 అయినచో, పిల్లి తినుచున్నను, ఆడుచున్నను, వైద్యుని వద్దకు కొనిపోవలెను. ఊపిరితిత్తులలో నీరు చేరుటకు ఇది మొదటి గుర్తు. ఆ దశలో నీటిని తీయు మందులు పనిచేయును. నెలలు, ఒక్కొక్కప్పుడు ఏండ్లు కూడ ఆయువు దొరకును. గోడలను తిరిగి పలుచన చేయు మందు మాత్రము వాడుకలో లేదు.

ఇచ్చట మన ఎండలు ఒక మోసము చేయును. వేసవి మధ్యాహ్నము కుక్క నాలుక చాచి రొప్పుచుండును. అది దానికి స్వభావము. పిల్లి కూడ నోరు తెఱచి రొప్పుచున్నచో, “పాపము, ఎండకు తాళలేకున్నది” అని ఇంటివారు ఒక గిన్నెడు నీళ్లు పెట్టి ఊరకుందురు. పిల్లికి రొప్పుట స్వభావము కాదు. పరుగెత్తి ఆడిన పిమ్మట పిల్లకూన ఒక క్షణము రొప్పవచ్చును. బస్సులో భయపడి రొప్పవచ్చును. నీడ పట్టున పడుకొని ఉన్న పెద్ద పిల్లి నోరు తెఱచి ఊపిరి తీయుచున్నదన్న, అది ఎండదెబ్బ అయినను కావలెను, గుండె గాని ఊపిరితిత్తులు గాని చెడియైనను ఉండవలెను. రెంటిలో ఏదైనను నిలిచి చూడదగినది కాదు.

ఈ జబ్బులో మఱొక ఘోరమైన మలుపు ఉన్నది. బిఱుసెక్కిన గుండెలో నెత్తురు నిలువ ఉండి గడ్డ కట్టును. ఆ గడ్డ ఒకనాడు కదలి బృహద్ధమని వెంట పోయి, వెనుక కాళ్లకు నెత్తురు చీలు చోట అడ్డుపడును. అప్పటి వఱకు గంతులు వేయుచున్న పిల్లి హఠాత్తుగా దారుణముగా అఱచి, వెనుక కాళ్లు ఈడ్చుకొనుచు ప్రాకును. పల్లెలలో ఇది చూచినవారికి తోచునది రెండే: పాము కఱచినదనుట, లేక ఎవరో దుడ్డుకఱ్ఱతో నడుము మీద కొట్టిరనుట. పసరు పోయుదురు, నూనె రాచి మర్దన చేయుదురు, పొరుగువారితో తగవు పెట్టుకొందురు. గుర్తు చెప్పుదుము. ముందు కాళ్ల పాదములను, వెనుక కాళ్ల పాదములను చేతితో తాకి పోల్చుడు. వెనుకవి చల్లగా ఉండి, అరికాలి మెత్తలు ఎఱుపుదనము పోయి తెల్లగానో నీలముగానో ఉన్నచో, అది నెత్తురుగడ్డయే. మర్దన చేయకూడదు, కాపడము పెట్టకూడదు. అది భరింపరాని నొప్పి. నొప్పిని తగ్గించు సూదిమందు తక్షణము కావలెను. కొన్ని కోలుకొనును, పెక్కు కోలుకొనవు. గుండె జబ్బు ముందుగా తెలిసిన పిల్లికి, నెత్తురు గడ్డకట్టకుండ క్లోపిడోగ్రెల్ అను మందును వైద్యులు రోజును ఇప్పింతురు.

గుండెను గూర్చియే ఇంకొక మాట ఉన్నది. ఇది మన వంటింటికి సంబంధించినది. పైన చెప్పినది దళమెక్కు గుండె. పలుచనై, సంచివలె సాగిపోవు గుండె మఱొకటి కలదు. 1987లో డేవిస్ పండితులే, పాల్ పయన్ ప్రభృతులు, దీనికి ముఖ్య కారణము ఆహారములో టారిన్ అను పదార్థము లోపించుట అని కనుగొనిరి. టారిన్ మాంసములోను, చేపలలోను ఉండును. ధాన్యములలో, పప్పులలో లేదు. మనిషి శరీరము, కుక్క శరీరము దానిని తామే చాలినంత తయారు చేసికొనును. పిల్లి శరీరము చేసికొనజాలదు. అది లోపించినపుడు పిల్లికి మొదట కంటి లోపలి పొర చెడి చూపు పోవును. తరువాత గుండె సాగిపోవును. గుండె సంగతి టారిన్ ఇచ్చినచో చాలవఱకు చక్కబడును. పోయిన చూపు తిరిగి రాదు. ఈ సంగతి తెలిసిన పిదప పిల్లుల తయారీ మేతలో టారిన్ కలుపుట ఆచారమైనది.

మన ఇండ్లలో శాకాహారులు ఎందరో. పాలన్నము, పెరుగన్నము పెట్టియే పిల్లిని పెంచితిమని పెద్దలు చెప్పుదురు. నిజమే, కాని ఆ పిల్లి రాత్రివేళ ఎలుకనో, బల్లినో, పిట్టనో పట్టి తన లోటు తాను తీర్చుకొనెడిది. తలుపులు మూసి మేడ మీద పెంచు ఈ పెద్దజాతి పిల్లికి ఆ దారి లేదు. దానికి పెరుగన్నమే వేసినచో, చూచుటకు బొద్దుగా ఉండి లోపల క్షీణించును. పెరిగిన పిల్లులకు పాలు కూడ పెక్కింటికి అరుగవు, విరేచనములగును. ఇంట మాంసము వండుట ఇష్టము లేనివారు డబ్బాలలో, సంచులలో అమ్ము పిల్లిమేతను తెప్పించి పెట్టవచ్చును. అదియు మాంసముతో చేసినదే. అదియు తమ ఆచారమునకు పొసగదనువారు ఈ జంతువును పెంచకుండుటయే మేలని మా అభిప్రాయము. ఆచారము మనది, ఆకలి దానిది.

ఇక ఎముకల సంగతి. పెద్ద శరీరము గల కుక్కలకు తుంటి కీలు జబ్బు వచ్చునని వినియుందురు. పిల్లులలో ఆ జబ్బు అధికముగా కనబడునది మెయిన్ కూన్‌లోనే. తొడ ఎముక తల, దానిని పట్టియుంచు గిన్నె, ఒకదానికొకటి సరిగా అమరక వదులై, ఒరసికొని అరిగిపోవుట దీని లక్షణము. అమెరికాలో ఎక్స్‌రే తీసిన ఈ జాతి పిల్లులలో సుమారు నాలుగింట ఒకదానికి ఈ లోపము కనబడినది. పిల్లి తన నొప్పిని చెప్పదు, కుంటదు కూడ. నిన్నటి వఱకు అటక మీదికి ఒక్క గంతులో ఎక్కునది నేడు ముందు బల్ల మీదికి, అచ్చట నుండి బీరువా మీదికి, మెల్లమెల్లగా ఎక్కును. మెట్ల వద్ద కుందేలువలె వెనుక కాళ్లు రెండును కలిపి వేయును. ఇంటివారు సోమరిదైనదందురు. ఈ జాతి ఎదుగుదల ఆలస్యమని మొదట చెప్పితిమి. అందువలన తొడ ఎముక తలకు, కాండమునకు నడుమ ఉండు లేత అతుకు చాలకాలము గట్టిపడదు. ఏడాది, రెండేండ్ల వయస్సున బాగుగ క్రొవ్విన మగపిల్లులలో ఆ అతుకు, దెబ్బ ఏదియు తగలకయే, జారిపోవుట కలదు. రెంటికిని మొదటి చికిత్స బరువు తగ్గించుటయే. “పెద్దజాతి కదా, లావుగానే ఉండును” అను మాట నమ్మకుడు. ప్రక్కటెముకలు చేతికి తగులవలెను. పైనుండి చూచునపుడు నడుము సన్నబడి కనబడవలెను.

మూడు నాలుగు నెలల కూన నడచునపుడు వెనుక భాగము ఊగుచు, దూకి దిగినపుడు తూలిపడుచు ఉన్నచో, అది వేఱు. వెన్నుపాములోని నరకణములు నశించి కండలు సన్నబడు పుట్టువ్యాధి అది. ఈ జాతిలోనే గుర్తింపబడినది; 2006లో దాని జన్యుమూలము తెలిసినది. తల్లిదండ్రులు ఇరువురును లోపమును మోయుచుండిననే పిల్లకు వచ్చును. దీనికి నొప్పి లేదు. ఇంటిలో, ఎత్తు ఎక్కనీయక పెంచినచో అట్టి పిల్లులు ఏండ్లకొలది బ్రదుకును. అది తెలియక పోలియో అనియో పక్షవాతమనియో విడిచిపెట్టుట అన్యాయము. నెత్తురు కణములు త్వరగా పగిలిపోయి పాండురోగము కలిగించు మఱొక పుట్టులోపమునకు కూడ దవడ దూది పరీక్షయే చాలును.

ఎండను గూర్చి కొంచెము చెప్పక తీరదు. పిల్లుల మూలపురుషుడు పశ్చిమాసియా, ఆఫ్రికాల ఎడారి పిల్లియే గనుక, పిల్లి సహజముగా ఎండకు భయపడునది కాదు. తక్కువ నీటితో బ్రదుకనేర్చినది. కాని మెయిన్ కూన్ కట్టుకొన్నది మంచుసీమ కంబళి. దాని వేళ్ల నడుమ కూడ వెండ్రుకలు గుబురుగా మొలచును, మంచులో దిగబడకుండుటకు. ఆ కంబళితో అది పామిడి వైశాఖములో ఉండవలెను. రేకుల కప్పు క్రింద దీనిని కట్టివేయుట హింస. బండలు పఱచిన చల్లని గది, గాలి ఆడు కిటికీ, తడి గోనె తెర - మన పూర్వులు తమకు చేసికొన్న ఏర్పాట్లే దీనికిని చాలును. వెండ్రుకలను చర్మము వఱకు గొఱిగించుట మంచిది కాదు. తెల్లని చర్మము ఎండకు కాలును. దినము విడిచి దినము దువ్వెనతో లోపలి నూలువంటి వెండ్రుకను తీసివేసినచో గాలి ఆడును. మన పెరళ్లలో పల్లేరుకాయలు, ఉత్తరేణి గింజలు ఎట్లు పట్టుకొనునో తెలిసినదే; తోక క్రింద, చంకలలో అవి చిక్కుకొని వెండ్రుక జడలు కట్టి, క్రింది చర్మము పుండ్లు పడును. చిక్కును కత్తెరతో కోయబోయి చర్మమును కోసినవారు ఉన్నారు. దువ్వెనను అడ్డుపెట్టి కోయవలెను.

నీటిని రెండు మూడు చోట్ల, మేతకు దూరముగా, వెడల్పైన గిన్నెలలో పెట్టుడు. ఎండుమేత మాత్రమే తిని నీరు త్రాగని మగపిల్లులకు మూత్రనాళము అడ్డుపడును. మాటిమాటికి కూర్చుండి ముక్కి, ఒక్క చుక్కయు రాకున్నచో, అది మలబద్ధము అనుకొని ఆముదము పట్టకుడు. రెండు దినములలో ప్రాణము పోవును.

పామిడిలో కుట్టు మిషను లేని వీధి ఉండదు గనుక ఒక హెచ్చరిక. పిల్లి నాలుక మీది ముండ్లు లోనికి వంగి ఉండును. నోటబడిన దారమును అది ఉమియజాలదు, మ్రింగవలసినదే. దారముతో సూది, లేక దారము ఒక్కటే ప్రేగులలో చిక్కి వానిని కోయును. నోటి నుండి గాని వెనుక నుండి గాని దారపు కొస కనబడినను లాగకుడు. రాత్రి మిషను మీద కండె విడువకుడు. బట్టల మూటలలోని కలరా ఉండలను దాని అందుబాటున ఉంచకుడు.

అన్నింటికంటె మించిన అపాయము మన మందుల డబ్బాలో ఉన్నది. పిల్లి ఒళ్లు వేడిగా ఉన్నదని, పసిబిడ్డకు ఇచ్చినట్లు జ్వరపు మాత్రలో ఒక ముక్క ఇచ్చుట ప్రేమతో చేయు పనియే. ఆ మాత్ర పారాసెటమాల్. మన కాలేయము దానిని విఱిచి బయటికి పంపును. పిల్లి కాలేయమునకు ఆ శక్తి లేదు. కొన్ని గంటలలోనే నెత్తురు ప్రాణవాయువును మోయు గుణము కోల్పోవును. చిగుళ్లు నీలముగానో చాక్లెట్టు రంగుగానో మాఱును. ముఖము, పాదములు వాచును. ఒక్క మాత్ర ఒక పిల్లిని చంపును. దీనికి విఱుగుడు అసిటైల్‌సిస్టీన్. వెంటనే పోయినచో వైద్యుడు ఇవ్వగలడు. ఏ మాత్ర, ఎంత, ఏ గంటకు ఇచ్చితిరో దాచక చెప్పవలెను. కుక్కల గోమార్లకు చల్లు పెర్మెత్రిన్ మందును పిల్లికి పూయుట కూడ ఇట్టిదే.

ఇప్పుడు కొనుట, పెంచుట. గిత్తను కొనబోవు రైతు తల్లి ఈత, తండ్రి మూపు విచారింపక డబ్బు ఇచ్చునా? పిల్లి విషయమున మాత్రము ఫోనులో ఫొటో చూచి వేలకు వేలు పంపుచున్నాము. అమ్మువానిని అడుగవలసినది పిల్ల యొక్క అందమును గూర్చి కాదు. తల్లికిని తండ్రికిని గుండె జన్యుపరీక్ష ఏమి వచ్చినది? ఎకో ఎప్పుడు తీయించితిరి? తుంటి ఎక్స్‌రే కలదా? కాగితములు చూపగలరా? కాగితము చూపక, “మా పిల్లులకు ఏ జబ్బును లేదు” అని నోటితో చెప్పువాని వద్ద కొనకుడు. మూడవ నెల నిండకయే తల్లి నుండి వేఱు చేసి అమ్మువాని వద్దను కొనకుడు.

ఇంట ఉన్న పిల్లికి లోపము ఉన్నదని తేలినచో ఏమి చేయవలెను? రెండు ప్రతులును చెడ్డవైన పిల్లికి సంతానము కలిగింపరాదు. ఒక ప్రతి మాత్రమే చెడ్డదై, ఇతర గుణములు మంచివైన పిల్లిని గూర్చి పండితులు ఆచితూచి మాటాడుదురు. మూడవ వంతు పిల్లులను ఒక్కసారి వంశము నుండి తొలగించినచో, అసలే ఇఱుకైన వంశము మఱింత ఇఱుకై, క్రొత్త లోపములు పైకి తేలును. అందుచేత అట్టి దానిని లోపము లేని దానితో మాత్రమే జత చేసి, పిల్లలను పరీక్షించి, మంచివానినే ముందునకు నడుపుమందురు. ఇది నేర్పరుల పని. మన ఇండ్లలో సరదాకు ఒక ఈత ఈనింతమనువారు ఈ పని పెట్టుకొనకయే ఉండవలెను. ఆఱేడు నెలలకు వైద్యునితో సంతాననిరోధ శస్త్రము చేయించి, ఆ మత్తు ఇచ్చుటకు ముందు గుండెను వినుమని కోరవలెను. గుండె శబ్దములో తేడా వినబడకున్నను జబ్బు ఉండవచ్చును గనుక, వీలైనవారు ఎకో కూడ తీయించుట ఉత్తమము. రేబీసు టీకా, పిల్లుల మహామారి టీకా ఊరపిల్లికి వలెనే దీనికిని తప్పవు.

మన పశువుల ఆసుపత్రులలో వైద్యుల దినమంతయు గొఱ్ఱెల మందలతో, పాడి పశువులతో గడచిపోవును. పిల్లిని తీసికొనిపోయినపుడు ఆయనకు సమయము కలిసివచ్చునట్లు మూడు సంగతులు కాగితము మీద వ్రాసి కొనిపోవుడు: గత నెలలో వారము వారము లెక్కించిన నిద్ర ఊపిరులు, పిల్లి బరువు, అది తినుచున్నది ఏమి. ప్రయాణము తెల్లవాఱుజామున పెట్టుకొనుడు. బుట్ట మీద పలుచని తడిగుడ్డ కప్పి, గాలికి ఒక ప్రక్క విడిచిపెట్టుడు.